గుండ్రంగా తిరిగే ముల్లు, పలకలాంటి డయల్

వాచీ వెనక మూత తీసి చూస్తే లోపల ఉన్నవన్నీ గుండ్రాలే. పళ్ల చక్రాలు గుండ్రం. స్ప్రింగు చుట్టుకుని ఉండే డబ్బా గుండ్రం. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్ గుండ్రం. ముల్లు తిరిగే దారి సరేసరి. ఇన్ని గుండ్రాలను తీసుకెళ్లి నాలుగు మూలలున్న పెట్టెలో కూరాలన్న ఆలోచన ఇంజినీరుకు రాదు, నగలు చేసేవాళ్లకు వస్తుంది. పలక వాచీల్లో అన్నిటికన్నా పేరున్న ట్యాంక్ అలా కార్టియర్ అనే పారిస్ నగల కంపెనీ నుంచే వచ్చింది.

కోలగా పలకలా ఉండే కీ వాచీ, పనితనం లెక్కలో చూస్తే గుండ్రటి వాచీ కంటే ఒక మెట్టు కిందే. నీళ్లను సరిగా ఆపలేదు. తనంతట తానే కీ ఇచ్చుకునే ఆటోమేటిక్ మెషిన్ అందులో సరిగా ఇమడదు. అద్దం పగిలితే దొరకదు. టైమ్ చూడటం కూడా కాస్త ఇబ్బందే. అయినా వందేళ్లు దాటాక కూడా దాని వీరాభిమానులు తగ్గలేదు. అందంగా ఉంటుంది కాబట్టి అంటే అది సగం జవాబే. గుండ్రానికీ మూలకీ మధ్య ఉన్న పేచీని ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా సర్దింది. పాత పలక వాచీని చేతిలోకి తీసుకున్న కలెక్టర్ అటు తిప్పి ఇటు తిప్పి వెతికేది ఆ సర్దుబాటునే.

ముందు డయల్ సంగతి. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉన్న డయల్ ఒకటి అనుకుందాం. ముళ్లు మధ్యలో ఉంటాయి కాబట్టి పెద్దముల్లు పక్క అంచుకు తగలకుండా తిరగాలంటే 10 మిల్లీమీటర్లకు మించి ఉండకూడదు. మూడు గంటల వైపుకి వచ్చినప్పుడు దాని కొన అంచును రాసుకుంటూ పోతుంది. పన్నెండు దగ్గరికి వచ్చేసరికి అంచు ఇంకా 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. గంటలో రెండుసార్లు ముల్లు పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా కనిపించే వాచీ ఇది.

నిమిషాల గీతలు అంచు వెంబడే గీస్తే ఇంకో చిక్కు. మూడు గంటల పక్కన ఒక నిమిషానికి దక్కే చోటు 1 మిల్లీమీటరు పైచిలుకు. పన్నెండు పక్కన 1.6. పై మూల దాటగానే, ఆరో నిమిషానికీ ఏడో నిమిషానికీ మధ్య, దాదాపు 2.7. అదే నిమిషం, అదే ముల్లు, కానీ చోటును బట్టి రెండున్నర రెట్లు సాగుతుంది. అంకెల పరిస్థితి మరీ అన్యాయం. ఒంటిగంట పై మూలకు మిల్లీమీటరున్నర లోపు దూరంలో ఇరుక్కుంటుంది. 2, 3, 4 మూడూ కలిసి 30 మిల్లీమీటర్ల పక్క అంచులో మధ్యనున్న పదకొండున్నర మిల్లీమీటర్లలోనే గుంపుగా నిలబడతాయి. పైనా కిందా బోలెడు ఖాళీ.

లెక్క ప్రకారం వేస్తే ఇంత వికారంగా వచ్చే డయల్ మంచి పలక వాచీలో చూడముచ్చటగా ఎలా ఉంటుందంటే, అక్కడ డిజైనర్ అబద్ధం ఆడతాడు. 1ని మూలలోకి నెడతాడు, 2ని కొంచెం పైకి జరుపుతాడు, రోమన్ అంకెలను ఏటవాలుగా సాగదీస్తాడు. నిమిషాల గీతలను అంచు నుంచి తప్పించి అంకెలకు లోపలివైపు రైలు పట్టాల్లాంటి పట్టీగా గీస్తాడు. దాంతో ముల్లు కొనకూ గీతకూ మధ్య దూరం తగ్గుతుంది. కార్టియర్ ట్యాంక్ డయల్ ఈ అబద్ధాలన్నీ చక్కగా ఆడిన డయల్. దాన్ని భూతద్దం కింద పెడితే ఇంకో సరదా కూడా ఉంది. రోమన్ ఏడులో, కొన్ని మోడళ్లలో పదిలో, ఒక గీత నిజానికి గీత కాదు. కార్టియర్ అన్న పేరును సన్నటి అక్షరాలతో ఆ గీత బదులు అచ్చు వేస్తారు. నకిలీ పట్టుకోవడానికి చాలామంది మొదట చూసేది అక్కడే, అయితే ఇప్పటి నకిలీవాళ్లకు కూడా ఆ సంగతి తెలుసు.

ట్యాంక్ పుట్టిన కాలం మొదటి ప్రపంచ యుద్ధం. అప్పటిదాకా మగవాళ్ల వాచీ అంటే జేబులో గొలుసుకు వేలాడేదే. చేతికి కట్టుకునేది ఆడవాళ్ల నగ కింద లెక్క. సైనికులు కందకాల్లో జేబు తడుముకోలేక చేతికి కట్టుకోవడం మొదలుపెట్టారు. కానీ ఆ వాచీలు జేబు గడియారానికే తీగలు అతికించి బెల్టు తగిలించినట్టు ఉండేవి. పారిస్‌లో లూయీ కార్టియర్ 1917లో గీసిన డిజైన్‌కి ఆ చుట్టరికం లేదు. రెనో యుద్ధ ట్యాంకును పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా, రెండు పక్కలా రెండు పొడవాటి కడ్డీలు, మధ్యలో డయల్ అని కంపెనీ చెప్పుకునే కథ. ఆ కడ్డీలే పైకీ కిందికీ సాగి బెల్టును పట్టుకుంటాయి. మనవాళ్లకు మాత్రం అది చెక్క చట్రం బిగించిన బడి పలకలా కనిపిస్తుంది, పోలిక అంత తప్పేమీ కాదు. 1919లో అమ్మకానికి వచ్చినవి ఆరంటే ఆరు.

మణికట్టు గుండ్రంగా ఉండదు, పట్టీలా ఉంటుంది. దాని మీద గుండ్రటి వాచీ బొట్టు బిళ్లలా అతికించినట్టు ఉంటే, పలక వాచీ బెల్టులో ఒక భాగంలా ఒదిగిపోతుంది. ట్యాంక్ మొట్టమొదట పట్టుకున్న పాయింట్ ఇదే. 1921లో వచ్చిన ట్యాంక్ సాంత్రే ఇంకో అడుగు ముందుకు వేసి కేసునే మణికట్టు వంపుకి వంచేసింది. 1922లో ట్యాంక్ లూయీ కార్టియర్ మూలలను కాస్త మెత్తబరిచింది. ఇప్పటికీ ట్యాంక్ అంటే ఎక్కువమంది మనసులో మెదిలేది ఆ రూపమే. కార్టియర్ పేరు హైదరాబాద్‌వాళ్లకు వేరే దారిలో పరిచయం. 1947లో ఏడో నిజాం బ్రిటిష్ రాకుమారి ఎలిజబెత్ పెళ్లికి కానుకగా ఇచ్చిన వజ్రాల హారం ఆ దుకాణానిదే.

సైజు విషయంలో పలక వాచీ కంటిని బాగా మోసం చేస్తుంది. కొలత కాగితం మీద చూసి కొన్నవాళ్లు చేతికి పెట్టుకున్నాక కంగారు పడేది ఇందుకే. ట్యాంక్ లూయీ కార్టియర్ పెద్ద సైజు 33.7 x 25.5 మిల్లీమీటర్లు. ఆ వైశాల్యం 33 మిల్లీమీటర్ల గుండ్రటి వాచీతో సమానం, అంటే ఇప్పటి లెక్కలో చిన్నదే. పేరున్న ఇంకో పలక వాచీ రివర్సో, దాని కథ తర్వాత వస్తుంది. 42 x 26 ఉండే రివర్సోది 37 మిల్లీమీటర్ల గుండ్రంతో సమానం. కానీ మూల నుంచి మూలకు కొలిస్తే 49 మిల్లీమీటర్లు దాటుతుంది. సన్నటి మణికట్టు మీద అది పొడవుగా పరుచుకుంటుంది. గుండ్రటి వాచీకి ఒక్క అంకె చెబితే చాలు. పలక వాచీకి మూడు నాలుగు చెప్పినా చేతికి పెట్టుకునేదాకా తెలియదు.

ఇక లోపలి మెషిన్. కలెక్టర్లలో అసలు పట్టింపు మొదలయ్యేది ఇక్కడే. 20 x 30 పెట్టెలో గుండ్రటి మెషిన్ పెట్టాలంటే దాని వ్యాసం 20 మించదు. అప్పుడు అది ఆక్రమించే చోటు 52 శాతమే, మిగతాదంతా ఖాళీ, లేదా ఖాళీ కనబడకుండా కూర్చిన లోహపు చట్రం. అదే మెషిన్‌నే పలకగా చేస్తే? బ్యాలెన్స్ వీల్‌ని ఒక చివర, స్ప్రింగు డబ్బాను ఇంకో చివర పెట్టొచ్చు. ఒకదానికొకటి అడ్డం రావు కాబట్టి రెండిటినీ పెద్దవి చేయొచ్చు. బ్యాలెన్స్ వీల్ పెద్దదైతే చిన్నచిన్న కుదుపులకు చలించదు, టైమ్ నిలకడగా ఉంటుంది. స్ప్రింగు పెద్దదైతే ఒకసారి కీ ఇచ్చాక ఎక్కువసేపు నడుస్తుంది. మూలలు అందానికి పెట్టుకున్న భారం అనుకుంటే, వాటివల్లే లోపల స్థలం కలిసొచ్చింది.

1928లో రోలెక్స్ తెచ్చిన ప్రిన్స్ ఈ లెక్కకు మంచి రుజువు. లోపల ఏగ్లర్ అనే కంపెనీ చేసిన కోలటి మెషిన్. పై సగంలో గంటలు, నిమిషాలు. కింది సగంలో విడిగా, దాదాపు అంత పెద్దదే, సెకండ్ల డయల్. సెకండ్ల ముల్లు వేరే ఏ ముల్లుకూ అడ్డం రాకుండా ఒంటరిగా తిరుగుతుంది కాబట్టి నాడి పట్టుకుని లెక్కపెట్టుకోవడానికి వీలు. అందుకే దానికి డాక్టర్ వాచీ అని పేరు. ఒకసారి కీ ఇస్తే 58 గంటలు నడిచేది. ఇప్పటి మంచి వాచీలు చాలావాటికి అంత లేదు.

ఆకారం కోసం మెషిన్‌ని ఎంతదాకా మలచొచ్చు అన్నదానికి 1929 నాటి క్యాలిబర్ 101 పరాకాష్ఠ. చేసింది లకూల్ట్ర్ అనే స్విస్ కంపెనీ, క్యాలిబర్ అంటే మెషిన్ మోడల్. 14 మిల్లీమీటర్ల పొడవు, 4.8 వెడల్పు, 3.4 మందం. బరువు ఒక గ్రాము. అగ్గిపుల్ల తలకంటే కాస్త వెడల్పైన కడ్డీ అనుకోండి. అందులోని భాగాలన్నీ రెండు అంతస్తుల్లో పేర్చి ఉంటాయి. నిజాం హారం అందుకున్న ఎలిజబెత్తే 1953లో పట్టాభిషేకానికి ఈ మెషిన్ ఉన్న వాచీ కట్టుకుంది. అమెరికాలో గ్రూయెన్ కంపెనీ 1935లో కర్వెక్స్ పేరుతో ఇంకో పిచ్చి పని చేసింది. కేసును వంచి లోపల చదునైన చిన్న మెషిన్ పెట్టి సరిపెట్టకుండా, మెషిన్‌నే వంచింది. కర్వెక్స్ పక్కనుంచి చూస్తే మణికట్టు మీద వాలిన పెంకులా ఉంటుంది.

ఈ కథలో ఇండియాకు నేరుగా పాత్ర ఉన్న వాచీ రివర్సో. 1930-31 చలికాలంలో సీజర్ ద ట్రే అనే స్విస్ వ్యాపారి ఇక్కడికి వచ్చాడు. పళ్ల డాక్టర్ల సామాను అమ్మి సంపాదించి, తర్వాత వాచీల వ్యాపారంలోకి దిగిన మనిషి. ఇక్కడి బ్రిటిష్ సైనికాధికారులు పోలో ఆడుతూ వాచీ అద్దాలు పగలగొట్టుకునేవాళ్లు. ఆటలో దెబ్బకు తట్టుకునే వాచీ కావాలన్న మాట అతని చెవిన పడింది. స్విట్జర్లాండ్‌లో లకూల్ట్ర్ కంపెనీ నడిపే జాక్-డేవిడ్ లకూల్ట్ర్‌కి చెప్పాడు. డిజైన్ గీసింది రెనే-ఆల్ఫ్రెడ్ షోవో. 1931 మార్చి 4న పారిస్‌లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు. చట్రంలో జరుగుతూ పూర్తిగా తిరగబడే వాచీ అన్నది అందులోని సారాంశం.

పని చేసే తీరు చూడాలి. బొటనవేలితో కేసును పక్కకు నెడితే చట్రంలోని గాడిలో జారుతుంది. సగం దాటాక ఒక అంచు పైకి లేస్తుంది. దాన్ని దోసెలా తిరగేసి మళ్లీ వెనక్కి నెడితే టక్‌మని కూర్చుంటుంది. ఇప్పుడు పైకి కనిపించేది ఉత్త లోహం, అద్దం లోపలికి వెళ్లిపోయింది. ఇది గుండ్రటి వాచీలో కుదిరే పని కాదు. జారడానికి తిన్నని అంచులు కావాలి, తిరగబడ్డాక అదే చట్రంలో అచ్చంగా సరిపోవాలి. దీర్ఘచతురస్రం ఇక్కడ ఫ్యాషన్ కోసం వచ్చింది కాదు, పని కోసం వచ్చింది. పలక వాచీల్లో పేచీ అన్నదే లేకుండా ఆకారమూ అవసరమూ ఒక్కటైన వాచీ బహుశా ఇదొక్కటే. రివర్సోకి కలెక్టర్లు ఇచ్చే ప్రత్యేక గౌరవానికి కారణం ఇదే అనిపిస్తుంది, పోలో కథలోని రొమాన్స్ కాదు. విచిత్రం ఏమిటంటే మొదట్లో దానికి తగిన సొంత మెషిన్ లేదు, టావన్ కంపెనీ మెషిన్లు తెచ్చి పెట్టారు. 1933 నుంచి సొంతవి వచ్చాయి.

ఆ ఉత్త లోహపు వీపు మీద జనం పేర్లు, చిహ్నాలు చెక్కించుకున్నారు. 1936 నాటి ఒక రివర్సో వెనక భారతీయ స్త్రీ బొమ్మ ఎనామెల్‌లో వేసి ఉంది. పోలో మైదానంలో పగలకుండా కాపాడటానికి పుట్టిన వీపు ఐదేళ్లు తిరిగేసరికి బొమ్మలు వేసుకునే చోటైపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంతో పలక వాచీల భోగం ముగిసింది. సైన్యాలకు కావాల్సింది నీళ్లూ దుమ్మూ ఆపే వాచీ. గుండ్రటి వాచీకి వెనక మూతను సీసా మూతలా తిప్పి బిగించొచ్చు, రబ్బరు వలయం చుట్టూ ఒకే రకంగా నొక్కుకుంటుంది. పలక మూతను తిప్పలేం. నొక్కి పెట్టాలి, లేదా మూలల్లో మరలు బిగించాలి. మరల దగ్గర గట్టిగా, మధ్యలో వదులుగా ఉంటుంది, నీళ్లు ఆ వదులు చోటే వెతుక్కుంటాయి. యుద్ధం తర్వాత ఆటోమేటిక్ వాచీలు బాగా వాడకంలోకి వచ్చాయి. చెయ్యి కదిలినప్పుడల్లా లోపల ఒక అర్ధచంద్రాకారపు బరువు గిర్రున తిరిగి కీ ఇస్తుంది. అది తిరగాలంటే మళ్లీ గుండ్రటి చోటే కావాలి. సన్నటి పలకలో ఆ బరువు చిన్నదైపోతుంది, తిరిగినా పెద్దగా కీ ఎక్కదు. 1969లో హోయర్ కంపెనీ వాచీ మొనాకో నీళ్లు ఆపే చదరపు కేసులో ఆటోమేటిక్ పెట్టి చూపించింది గానీ అది నలుచదరం, కోల కాదు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక మిగిలిన ఊపిరి కూడా పోయింది. ఇండియాలో హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజెన్ సాయంతో వాచీలు మొదలుపెట్టేనాటికే ఈ గాలి మారిపోయింది. మన ఇళ్లలో నాన్నల చేతికి ఉన్న జనతా, పైలట్ రెండూ గుండ్రంవే.

రివర్సో మళ్లీ బతికిన తీరు గమ్మత్తుగా ఉంటుంది. 1972లో ఇటలీ డీలర్ జార్జో కోర్వో ఫ్యాక్టరీలో వాడకుండా పడి ఉన్న 200 కేసులు చూశాడు. కంపెనీకి వాటి మీద ఆశ లేదు. అతను కొనేసి, వాటిలో పట్టే మెషిన్లు పెట్టించి ఇటలీలో అమ్మితే ఇట్టే అయిపోయాయి. 1985లో కేసును కొత్తగా, నీళ్లను కాస్తయినా ఆపేలా మళ్లీ డిజైన్ చేశారు. 1991లో అరవయ్యేళ్ల పండగకి 500 వాచీలు బంగారు మెషిన్‌తో వచ్చాయి. తర్వాతి క్యాలిబర్ 822 అచ్చంగా పలక మెషిన్, మందం 2.94 మిల్లీమీటర్లు. 1994లో రెండు వైపులా డయల్ ఉన్న డ్యుయోఫేస్. ఒక మెషిన్, రెండు ముఖాలు, రెండు దేశాల టైము. అమెరికాలో కొడుకున్న అమ్మానాన్నలకు పనికొచ్చే వాచీయే గానీ, దాని ధరకు ఒకసారి వెళ్లి చూసి రావొచ్చు.

మార్కెట్లో ధరలకూ ఇదంతా ఎంత సంబంధం ఉందంటే, అంతగా లేదు. 2017లో జాక్వెలిన్ కెనెడీ ట్యాంక్ న్యూయార్క్ వేలంలో 3,79,500 డాలర్లు పలికింది. అందులో వాచీ వాటా చాలా తక్కువ. చిత్రకారుడు యాండీ వార్హోల్ ట్యాంక్ కట్టుకునేవాడు గానీ కీ మాత్రం ఇచ్చేవాడు కాదు, టైమ్ చూడటానికి కాదు కదా పెట్టుకున్నది అనేవాడు. ఇదీ ఒక రకం అభిమానమే. మరోవైపు హ్యామిల్టన్, గ్రూయెన్, ఎల్జిన్ లాంటి పాత అమెరికన్ పలక వాచీలున్నాయి. హ్యామిల్టన్ 982 లాంటి కోల మెషిన్, అందులో అరుగుదల తగ్గించడానికి 19 రాళ్లు ఉన్నవి, స్విస్ పేర్ల ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. మెషిన్ చూసి కొనేవాళ్లకు ఇప్పటికీ మిగిలిన బేరం ఇక్కడే ఉంది.

అయితే వాటి కేసులు ఎక్కువ శాతం మనం రోల్డుగోల్డు అనే బాపతు, ఇత్తడి మీద బంగారు రేకు. గుండ్రటి కేసు అరుగుదల చుట్టూ పంచుకుంటుంది. పలక కేసు మొత్తం అరుగుదలను నాలుగు మూలలకే ఇస్తుంది. మూలల్లో పసుపు రంగు కాస్త ఎర్రబారి కనిపిస్తే ఇత్తడి బయటపడ్డట్టే, దాన్ని మళ్లీ పూడ్చలేం. ఇంకా దారుణం పాలిష్. కొత్తదానిలా మెరవాలని ఎవరో మోటారు చక్రానికి పెట్టేసిన పలక వాచీకి అంచులు కరిగి సబ్బు ముక్కలా అవుతాయి. గీతలు పడ్డా అంచులు పదునుగా ఉన్న వాచీకే ఎక్కువ ఇవ్వాలి. డయల్‌కి మళ్లీ రంగు వేశారేమో చూడటానికి మూల దగ్గర నిమిషాల గీతల మధ్య దూరాలు చూడటం మంచి పద్ధతి. అంతకుముందు వేసిన లెక్క గుర్తుంటే, ఫ్యాక్టరీ వాళ్లు ఎంతో కష్టపడి సాగదీసిన ఆ మూల గీతలను చేత్తో రంగు వేసేవాళ్లు సమానంగా పంచేసి దొరికిపోతారు.

పాత పలక వాచీ ఇండియాలో వాడేవాళ్లకు చివరి చిక్కు మాత్రం పోలో ఆటగాళ్లదే, అద్దం. గుండ్రటి అద్దం సైజు చెబితే పొట్లంలోంచి తీసి ఇస్తారు. పలక అద్దానికి పొడవు, వెడల్పు, మూల వంపు, పైవంపు నాలుగూ కుదరాలి, ఆ వాచీ చేసినవాళ్లు కంపెనీయే మూసేసి ఉంటారు. బస్టాండు పక్కన అద్దాల డబ్బాలో కూర్చునే పాతకాలపు వాచీ మెకానిక్ దీనికి మందపాటి ప్లాస్టిక్ ముక్క తీసుకుంటాడు. కేసు మీద పెట్టి సూదితో గీత గీసి, కొంచెం పెద్దగా కోసి, ఆకురాయితో ఒక్కో అంచు రుద్దుతాడు. రుద్దడం, పెట్టి చూడటం, మళ్లీ రుద్దడం. మూడు అంచులు సరిగ్గా కూర్చున్నాక నాలుగోది తల వెంట్రుకంత ఎక్కువ వస్తుంది. కంటి భూతద్దం పైకి నెట్టి, రేపు రమ్మంటాడు.